‘కన్యాశుల్కం’ నాటకంలో ప్రేమ స్వరూపాలు: కోనసీమ తరగతి గది నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ను సంఘసంస్కరణ నాటకంగా, వాడుకభాషకు రంగస్థలంపై స్థానం కల్పించిన రచనగా విమర్శకులు విస్తారంగా చర్చించారు. ఈ వ్యాసం ఆ నాటకంలో ప్రేమ ఏయే రూపాల్లో వ్యక్తమవుతున్నదో పరిశీలిస్తుంది. గిరీశం ప్రణయోపన్యాసం, అగ్నిహోత్రావధాన్లు పితృత్వం, వెంకమ్మ వాత్సల్యం, బుచ్చమ్మ సోదరీప్రేమ, మధురవాణి నిగ్రహం, మీనాక్షికి జరిగిన వంచన ఇందులో చర్చకు వస్తాయి. బుచ్చమ్మ గడప దాటడానికి గిరీశంపై వలపు కన్నా చెల్లెలిపై ఆపేక్షే బలమైన ప్రేరణ అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: కన్యాశుల్కం, గురజాడ, శృంగారాభాస, వాత్సల్యం, సోదరీప్రేమ, నిత్యసుమంగళి, కోనసీమ.

1. ఉపోద్ఘాతం

అమలాపురంలో డిగ్రీ విద్యార్థులకు ‘కన్యాశుల్కం’ పాఠం చెప్పేటప్పుడు రెండు చిక్కులు తప్పక ఎదురవుతాయి. మొదటిది భౌగోళికమైనది. లుబ్ధావధాన్లు ఊరు రామచంద్రపురం అగ్రహారం అనగానే కొత్తపేట, రాజోలు ప్రాంతాల నుంచి వచ్చే పిల్లలు గోదావరికి ఆవలి గట్టున ఉన్న మన రామచంద్రపురమే అనుకుంటారు. నాటకంలోని అగ్రహారాలు విజయనగరం చుట్టుపక్కలవని చెప్పాక కూడా వారి మనసులో కొబ్బరితోటల మధ్య పెంకుటిల్లే మెదులుతూ ఉంటుంది. దీనిని సరిదిద్దవలసిన పొరపాటుగా నేను ఇప్పుడు భావించడం లేదు. వేదాధ్యయనానికి పేరుపడిన అగ్రహారాలు, సంస్కృత పండితుల కుటుంబాలు, భూవివాదాల దావాలు కోనసీమకు కొత్తవి కావు. అసిరిగాడి మాటతీరు అర్థం కావడానికి మాత్రం కొంత సమయం పడుతుంది. అసిరి అన్న పేరే ఇక్కడ వినబడదు.

రెండవ చిక్కు విమర్శకు సంబంధించినది. బుచ్చమ్మ గిరీశాన్ని ప్రేమించిందా అన్న ప్రశ్న ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. తరగతి రెండుగా చీలిపోతుంది. ప్రేమించకపోతే ఇల్లు విడిచి ఎందుకు వస్తుంది అని ఒక పక్షం. ఆ మాట ఆమె నోట ఎక్కడ వచ్చిందో చూపించమని రెండవ పక్షం. ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోవడం అన్నది ఈ పిల్లలకు పుస్తకంలోని విషయం మాత్రమే కాదు. వారి వీధిలో, వారి బంధువుల ఇళ్లలో జరిగినదీ, జరిగిన తరువాత సంవత్సరాల తరబడి మాట్లాడుకున్నదీ అదే. అందుచేత ఆ ప్రశ్నకు పాఠ్యగ్రంథం ఆధారంగా జవాబు వెతకడం అవసరమనిపించింది. ఈ వ్యాసం ఆ వెతుకులాట నుంచి పుట్టినదే.

‘కన్యాశుల్కం’ తొలిసారి 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారిచే ప్రదర్శితమైంది. మొదటి కూర్పు 1897లో, సమూలంగా తిరగరాసిన రెండవ కూర్పు 1909లో వెలువడ్డాయి. ఏడు అంకాల రెండవ కూర్పే నేడు ప్రచారంలో ఉన్నది. మధురవాణి పాత్ర నిండుగా ఎదిగింది కూడా అందులోనే. ఈ వ్యాసం రెండవ కూర్పును ఆధారం చేసుకొంటున్నది.

పారిభాషికంగా ఒక మాట. కోనసీమ ఇళ్లలో ప్రేమ అన్న పదాన్ని ఆడపిల్లకూ మగపిల్లవాడికీ మధ్య సంబంధానికే ఎక్కువగా వాడతారు. అక్కాచెల్లెళ్ల మధ్య, మేనమామకూ మేనకోడలికీ మధ్య ఉన్నదానికి ఆపేక్ష, మమకారం, అభిమానం అన్న మాటలు ఉన్నాయి. విమర్శలో మనం ‘ప్రేమ’ అన్న ఒక్క పదంతో అన్నింటినీ కలిపివేస్తే ఆ నాటకంలోని భేదాలు మరుగున పడతాయి.

2. శృంగారం నుంచి హాస్యం

హాస్యం శృంగారం నుంచి పుడుతుందని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. అనౌచిత్యం వల్ల శృంగారం ఆభాసగా మారి హాస్యానికి దారితీస్తుందని అభినవగుప్తుడు దానిని వివరించాడు. వృద్ధుడి పెళ్లి కోరిక, ఏకపక్షమైన అనురాగం, ధనం కోసం నటించే వలపు ఇందుకు ఉదాహరణలు. ఈ లెక్కన ‘కన్యాశుల్కం’ శృంగారాభాసల ప్రదర్శనశాల. లుబ్ధావధాన్లుది మొదటిది, రామప్పంతులుది రెండవది; గిరీశం విషయం కొంత జటిలం కనుక తరువాత చూద్దాం.

పాశ్చాత్య హాస్యనాటకాలు సాధారణంగా పెళ్లితో ముగుస్తాయి. షేక్‌స్పియర్ ‘ట్వెల్త్ నైట్’లో మారువేషాలూ పొరపాటు వలపులూ ఎన్ని ఉన్నా చివరికి జంటలు కుదురుతాయి. ‘కన్యాశుల్కం’లో రంగస్థలానికి సంబంధించినంతవరకు జరిగే పెళ్లి ఒక్కటే. అది ఒక ముసలివాడికీ, ఆడవేషం వేసిన ఒక కుర్రవాడికీ మధ్య జరుగుతుంది. ఈ ఉపాయానికి పూర్వరూపాలు లేకపోలేదు. రోమన్ నాటకకర్త ప్లాటస్ ‘కాసినా’లోను, బెన్ జాన్సన్ 1609 నాటి ‘ఎపిసీన్’లోను ఆడవేషం వేసిన మగవాడు పెళ్లికూతురు అవుతాడు. రాజశేఖరుడి ‘విద్ధసాలభంజిక’లో విదూషకుడికే ఇలాంటి పెళ్లి తప్పదు. గురజాడ ఆ స్థానాలను తారుమారు చేశాడు. కరటకశాస్త్రి విజయనగరం ఆస్థానంలో విదూషక పాత్రధారి. ఇక్కడ మోసపోయేది విదూషకుడు కాదు, మోసాన్ని నడిపేవాడు అతడు. పంచతంత్రంలోని నక్క పేరు అతనికి ఊరికే పెట్టలేదు.

అయితే ఆ మోసానికి మూలం మేనకోడలిపై కరటకశాస్త్రికి ఉన్న మమకారం. అతడు గుంటూరు శాస్త్రి వేషం వేసుకొని, శిష్యుడికి చీర కట్టి, ఊరుగాని ఊరు వెళ్లి అబద్ధాల మీద అబద్ధాలు ఆడతాడు. సుబ్బి కోసం ఎవరైనా ఒక పని పూర్తిగా చేశారంటే అది ఈ మేనమామ చేసిన పనే. అతడు ప్రేమ గురించి ఉపన్యసించడు. సంస్కర్తల భాష అతనికి పట్టదు. శిష్యుడికి కూడా తన కూతురిని ఇస్తానని ఆశ పెట్టే పనిలోకి దించుతాడు. అంటే ఒక పిల్ల అమ్మకాన్ని ఆపడానికి మరొక పిల్లను బహుమానంగా చూపించడం. ఆ ఆడపిల్లను ఎవరూ అడగలేదు. నవ్వుల మధ్య ఈ విషయాన్ని మనం దాటిపోతాం, నాటకమూ దాటిపోతుంది.

3. తండ్రి లెక్క

మొదటి కూర్పు ఆంగ్ల పీఠికలో గురజాడ ఒక లెక్క ఇచ్చాడు. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల జాబితాను తయారు చేయించాడు. అందులో నమోదైనవి 1034. పెళ్లినాటికి అయిదేళ్ల వయసున్న పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. సహవాస వయసును పది నుంచి పన్నెండేళ్లకు పెంచిన చట్టం 1891లో వచ్చింది; నాటకం తొలి ప్రదర్శన ఆ మరుసటి ఏడే. ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే, సుబ్బిని 1800 రూపాయలకు లుబ్ధావధాన్లుకు ఇవ్వజూపిన అగ్నిహోత్రావధాన్లు అతిశయోక్తి పాత్ర అనిపించడు.

ఇక్కడ ఒక వివరణ అవసరం. కన్యాశుల్కం అన్నది బ్రాహ్మణ కుటుంబాల ఆచారానికి ఉన్న సంస్కృత పేరు. కోస్తాలో ఇతర కులాల్లో ఓలి అన్న పేరుతో పెళ్లికొడుకు వైపువారు ధనం ఇచ్చే ఆచారం ఉండేది. రెండింటినీ ఒకే గాట కట్టడం సరికాదు. కాయకష్టం చేసే ఇంట్లో ఆడపిల్ల వెళ్లిపోతే పనిచేసే రెండు చేతులు తగ్గుతాయన్న ఆలోచన ఓలి వెనుక కనిపిస్తుంది. అగ్రహారంలోని శుల్కం వెనుక అలాంటిది లేదు. ధర పెరిగేకొద్దీ ఇవ్వగలిగినవాడు ముసలివాడే అవుతాడు. ముసలివాడు పోతే మిగిలేది బాలవితంతువు. బుచ్చమ్మ కథ ఇదే. ఆమె అత్తవారి ఆస్తిపై తండ్రి దావా నడుపుతున్నాడు. పెద్ద కూతురి వైధవ్యం ఒక దావాగాను, చిన్న కూతురి పెళ్లి ఒక బేరంగాను అతని లెక్కల్లో చేరిపోయాయి.

అయినా అగ్నిహోత్రావధాన్లుకు కూతుళ్లంటే ద్వేషమని చెప్పడానికి నాటకంలో ఆధారం లేదు. అతనికి తెలిసిన లోకంలో పిల్లను ‘ఇవ్వడం’ తండ్రి ధర్మం, ఎక్కువ ధర రావడం తండ్రి సమర్థత. కోపం, మూర్ఖత్వం, దావాల మీద వ్యామోహం అతని స్వభావాలు. తన కాగితాలు ఆంగ్లంలో చదివి సహాయపడతాడన్న ఆశతో గిరీశాన్ని ఇంట్లో పెట్టుకోవడం అతని పతనానికి కారణం. సొంత దావా మీది శ్రద్ధలో నాలుగో వంతు ఇంట్లోని మనుషుల మీద ఉంటే అతనికి గిరీశం అర్థమయ్యేవాడు.

4. వెంకమ్మ, బావి

పుత్రవాత్సల్యాన్ని రసస్థాయిలో అంగీకరించిన ఆలంకారికుల్లో ‘సాహిత్యదర్పణ’కర్త విశ్వనాథుడు ప్రసిద్ధుడు. ఆ వత్సలరసం ‘కన్యాశుల్కం’లో వెంకమ్మ పాత్రలో ఉన్నది, రెండు ముఖాలతో ఉన్నది. కొడుకు వెంకటేశం ఆంగ్లం చదువుకొని పెద్ద ఉద్యోగం చేయాలన్నది ఆమె కల. గురుశిష్యులు ఆమె ముచ్చట తీర్చడానికి అర్థంపర్థం లేని ఆంగ్లపు ముక్కలు వల్లించినప్పుడు ఆమె పొందే ఆనందాన్ని చూసి మనం నవ్వుతాం. ఆ నవ్వులో కొంత ఇబ్బంది కూడా ఉండాలని నా అభిప్రాయం. ప్రైవేటు కళాశాల ఫీజుకు గొలుసు తాకట్టు పెట్టే తల్లి కోనసీమలో నేటికీ వెంకమ్మకు దూరపు చుట్టం కాదు.

సుబ్బి విషయంలో ఆమె వాత్సల్యం వేరు రూపం తీసుకుంటుంది. భర్తతో వాదించి, బతిమాలి, చివరికి ఆమె బావిలో దూకుతుంది. ఆమెను పైకి తీస్తారు. నాటకం ముందుకు సాగుతుంది. నాటకంలో ప్రేమ పేరిట ఎవరైనా ప్రాణానికి తెగించిన సందర్భం ఇదొక్కటే. అది ఏ నాయికానాయకుల మధ్యా జరగలేదు. బావిలో దూకిన తల్లి బతకడం వల్లనే ‘కన్యాశుల్కం’ హాస్యనాటకంగా నిలబడింది. కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’లో కాళింది బావిలో దూకి చనిపోతుంది; అక్కడ శుల్కం తలకిందులై కట్నమయింది, నాటకం విషాదమయింది. గురజాడే రాసిన ‘పూర్ణమ్మ’లో ముసలి మొగుడికి కట్టబెట్టిన పిల్ల కోనేటి వైపు వెళ్లి తిరిగిరాదు. ఒకే వస్తువును ఆయన గేయంలో ఒక విధంగా, రంగస్థలంపై మరొక విధంగా నడిపాడు. కోనేరు, బావి ఎంతో దూరంలో లేవు. నాటకం చదువుతూ నవ్వుతున్నంతసేపూ పూర్ణమ్మ పక్కనే ఉన్నదన్న ఎరుక పాఠకుడికి ఉండాలి.

వెంకమ్మ చేసిన పనివల్ల సుబ్బి పెళ్లి ఆగలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. భర్త మనసు మారలేదు. ఆమె ప్రాణత్యాగ ప్రయత్నం కరటకశాస్త్రిని కదిలించింది, అంతే. ఆ ఇంట్లో స్త్రీల ప్రేమకు చట్టబద్ధమైన బలం లేదు. అది ఎప్పుడూ పక్కదారిన, మారువేషంలో, మరొకరి చేతుల మీదుగా పనిచేయవలసిందే.

5. గిరీశం మాట, బుచ్చమ్మ నిర్ణయం

గిరీశం నాటకంలోకి ప్రవేశించేసరికే ఇద్దరు స్త్రీలతో సంబంధం ఉన్నవాడు. పూటకూళ్లమ్మ అన్నం పెట్టి, డబ్బు పెట్టింది. మధురవాణిపై మోజుకు ఆ డబ్బు ఉపయోగపడింది. పూటకూళ్లమ్మ చీపురుకట్టతో మధురవాణి ఇంటికి వచ్చే దృశ్యం తెలుగు రంగస్థలంపై తరతరాలు నవ్వించిన దృశ్యం. మంచం కింద ఇద్దరు ప్రియులు, దెబ్బలు తినవలసినవాడు తప్పించుకోవడం, రెండవవాడు తినడం. ఆ పూటకూళ్లమ్మ కూడా వితంతువే అన్న విషయం ఆ నవ్వుల హోరులో వినిపించదు. వితంతు వివాహాల గురించి బుచ్చమ్మకు గంటల తరబడి బోధించిన గిరీశానికి, తన అన్నదాత అయిన వితంతువును పెళ్లాడాలన్న ఆలోచన ఒక్కసారైనా రాలేదు. అతని సిద్ధాంతంలో వితంతువు అంటే వయసులో ఉన్న అందమైన వితంతువు.

అలాగని గిరీశం పూర్తిగా నటిస్తున్నాడని తేల్చివేయడం కూడా తొందరపాటే. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించాక పదేళ్లకే ఆ మాటలు విజయనగరం వీధుల్లో చలామణీ నాణేలయ్యాయి. గిరీశం ఆ నాణేలను మోగిస్తూ తిరుగుతాడు. మోత తనకే బాగుండి ఒక్కోసారి నమ్ముతాడు కూడా. బుచ్చమ్మతో భావి సంసారాన్ని ఊహించుకొని మాట్లాడేటప్పుడు అతని గొంతులో వచ్చే వెచ్చదనం పూర్తిగా దొంగది కాదనిపిస్తుంది. అతడు ప్రేమిస్తున్నది బుచ్చమ్మనా, బుచ్చమ్మ కళ్లలో కనబడే తననా అన్నది వేరే ప్రశ్న. రెండవదే అని నా అభిప్రాయం. తనను మహాపురుషుడిగా చూసే కళ్లు అతనికి కావాలి. అవి వెంకటేశం వద్ద దొరికినన్నాళ్లూ అతనితో కాలక్షేపం చేశాడు. బుచ్చమ్మలో అంతకన్నా స్వచ్ఛంగా దొరికాయి.

ఇక బుచ్చమ్మ. ఆమెను అమాయకురాలు అని ఒక్క మాటలో తేల్చడం పరీక్షా సమాధానాల్లో అలవాటయింది. ఆమెకు లోకజ్ఞానం తక్కువే, ఆంగ్లం రాదు, గిరీశం చెప్పే పెద్దల పేర్లు ఎవరివో తెలియదు. కాని ఆమె ప్రశ్నలు అడుగుతుంది. శాస్త్రంలో ఉంటే మన పెద్దవాళ్లు ఎందుకు చేయలేదన్న తరహా ప్రశ్నలు అవి. వాటికి గిరీశం జవాబులు చమత్కారంగా ఉంటాయే తప్ప సమాధానంగా ఉండవు. సౌందర్యవర్ణనలకు, భవిష్యత్తు ఆశలకు ఆమె లొంగిన సూచనలు స్వల్పం. ఆమెను కదిలించినది చెల్లెలి పెళ్లి. ఆమె తనతో వచ్చేస్తే సుబ్బి పెళ్లి తప్పిపోతుందన్న వాదాన్ని గిరీశం ముందుకు తెచ్చినప్పుడు ఆమె సంకోచం సడలుతుంది. గిరీశం వంటి మాటకారి తన అమ్ములపొదిలోని బాణాలన్నీ వేసి, చివరికి పనిచేసే బాణం ఇదని గ్రహించాడు. బుచ్చమ్మ హృదయం అతనికి ఎంత బాగా తెలుసునో ఆ క్షణంలోనే తెలుస్తుంది. అతని ప్రేమలో నిజం ఎంతైనా, ఆమె సోదరీప్రేమను పనిముట్టుగా వాడుకోవడం అతడు చేసిన అసలు ద్రోహం.

ఈ దృష్టితో చూస్తే బుచ్చమ్మ చర్యను లేచిపోవడం అన్న మాట పట్టదు. తాను అమ్ముడుపోయింది, వితంతువయింది. చెల్లెలికి అదే జరగబోతున్నది. తల్లి బావిలో దూకి ఆపలేకపోయిన దానిని తాను పరువు పోగొట్టుకొని ఆపవచ్చునని ఆమె అనుకుంది. ప్రేక్షకుడికి తెలిసి, బుచ్చమ్మకు తెలియని విషయం మరొకటి ఉన్నది: అప్పటికే కరటకశాస్త్రి పన్నిన ఉపాయం పారింది. లుబ్ధావధాన్లుకు కరటకుడి ‘కూతురు’ కుదిరింది. అంటే బుచ్చమ్మ త్యాగం ఎవరినీ రక్షించవలసిన అవసరం లేని వేళ జరిగింది. హాస్యనాటకపు యంత్రాంగం ఇంత నిర్దయగా పనిచేసిన చోటు నాటకంలో మరొకటి లేదు. సుబ్బి మీద నలుగురు నాలుగు విధాల ఆపేక్ష చూపారు; ఆ సుబ్బి మనసులో ఏముందో నాటకంలో మనకు వినబడదు.

దీనికి ఒక అభ్యంతరం చెప్పవచ్చు. బుచ్చమ్మ వంటి స్త్రీ తన కోరికను తనకు తాను కూడా చెప్పుకోలేదు కనుక చెల్లెలి కారణం ఒక మిష మాత్రమే కావచ్చునని. ఈ అభ్యంతరంలో బలం ఉంది. గిరీశం మాట వినడానికి ఆమె ఇష్టపడిందన్నది స్పష్టం. వైధవ్యంలో తనను ఒక మనిషిగా పలకరించిన మొదటి పురుషుడు అతడే. అయినా కోరిక ఉన్నదనడం, ఆ కోరికే గడప దాటించిందనడం ఒకటి కావు. తరగతిలో రెండవ పక్షం చూపించమని అడిగిన మాట నాటకంలో లేదు. చెల్లెలి పేరు మాత్రం ఉన్నది.

6. మధురవాణి

వెల్చేరు నారాయణరావు 2007లో ‘గర్ల్స్ ఫర్ సేల్’ పేరుతో ఈ నాటకాన్ని ఆంగ్లంలోకి అనువదించి, దానిని కేవలం సంస్కరణ నాటకంగా చదివే పద్ధతిని ప్రశ్నించాడు. ఆ ప్రశ్నకు అతి బలమైన సాక్షి మధురవాణి. నాటకంలో వితంతువులు ముగ్గురు: పూటకూళ్లమ్మ, బుచ్చమ్మ, మీనాక్షి. వారికి ఎదురుగా నిలిచినది సంప్రదాయం నిత్యసుమంగళిగా పిలిచిన కులానికి చెందిన స్త్రీ. వైధవ్యం ఆమెను తాకలేదు, పెళ్లీ తాకలేదు. ప్రేమను వృత్తిగా చేసుకున్న ఆమెకు దాని ధర తెలుసు. ధర లేని చోటు ఎక్కడో కూడా ఆమెకే తెలుసు.

గోదావరి డెల్టా ప్రాంత పాఠకుడికి మధురవాణి కేవలం సాహిత్య పాత్ర కాదు. ముమ్మిడివరం వంటి ఊళ్లలో కలావంతుల కుటుంబాలు భామాకలాపం, గొల్లకలాపం ఆడాయి. క్షేత్రయ్య పదాలు అభినయించాయి. భూస్వాముల ఇళ్ల పెళ్లిళ్లలో మేజువాణి లేకపోతే వెలితిగా భావించిన రోజులవి. ఆ తరువాత 1893లో మద్రాసులో సంస్కర్తలు వేశ్యానృత్యాలకు వ్యతిరేకంగా వైస్రాయికి, గవర్నరుకు వినతిపత్రాలు పంపారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అంకితాన్ని నిషేధించే చట్టం తెచ్చింది. పదాలు పాడినవారి మనవరాళ్లు ఆ సంగతి చెప్పుకోవడానికి జంకే స్థితి వచ్చింది. సౌజన్యారావు పంతులు యాంటీ నాచి అని నాటకంలో చదివినప్పుడు ఈ చరిత్ర వెనుక నుంచి వినబడుతుంది.

సౌజన్యారావును కలవడానికి మధురవాణి పురుషవేషంలో వెళ్తుంది. నాటకంలో రెండు ప్రధాన మారువేషాలు ఉన్నాయి. శిష్యుడి ఆడవేషం అబద్ధపు పెళ్లి కోసం, మధురవాణి మగవేషం నిజం చెప్పడం కోసం. లుబ్ధావధాన్లు హత్యానేరం నుంచి బయటపడే రహస్యం ఆమె దగ్గర ఉంది. దానికి ప్రతిఫలంగా ఆమె ముద్దు అడుగుతుంది. వేశ్య ముఖం చూడనన్న మనిషి, ఒక నిరపరాధిని కాపాడటానికి ఆ నియమాన్ని వదులుకోవడానికి సిద్ధపడతాడు. అతడు సిద్ధపడిన క్షణంలో ఆమె వెనక్కి తగ్గుతుంది. చెడనివారిని చెరచవద్దని తల్లి చెప్పిన మాట తనకు అడ్డమని చెబుతుంది.

ఈ ఘట్టాన్ని మధురవాణి ఔదార్యంగా మెచ్చుకోవడం మామూలు. నా దృష్టిలో ఇది నాటకం మొత్తంలో ఏకైక ప్రణయ సన్నివేశం. గిరీశం బుచ్చమ్మకు చెప్పిన మాటలన్నీ దీని ముందు తేలిపోతాయి. ఇక్కడ ఇద్దరూ ఒకరికోసం ఒకరు తమ నియమాన్ని వదులుకునే అంచుకు వచ్చారు, ఒకరు మరొకరి నియమాన్ని కాపాడారు. రామప్పంతులు వద్ద, హెడ్ కనిస్టీబు వద్ద, గిరీశం వద్ద ఆమె ఎన్నడూ ఇలా ఆగలేదు. ఆగవలసిన మనిషి ఆమెకు ఇప్పుడే ఎదురయ్యాడు. శృంగారాభాసల మధ్య ఒక్క శృంగారం మెరిసింది. అది ఫలించకుండానే మెరిసింది.

తరువాత సౌజన్యారావు ఆమెకు భగవద్గీత ఇస్తాడు. విమర్శకులు దీనిని ఆమె ఆధ్యాత్మిక ఉన్నతిగా వ్యాఖ్యానించిన సందర్భాలున్నాయి. నాకు ఇది నాటకంలోని బలహీనమైన చోటుగా తోస్తుంది. కాళ్లకూరి ‘చింతామణి’లో వేశ్య కృష్ణభక్తురాలు కావడానికి పురాణగాథ ఆసరా ఉంది. మధురవాణి విజయనగరం వీధుల్లో పెరిగి పేకాటలో పంతులును ఓడించగల మనిషి. ఆమె ఏమి తిని బతకాలన్న ప్రశ్నకు ఆ పుస్తకంలో జవాబు ఉండదు. సంస్కర్త దగ్గర ఆమెకు ఇవ్వడానికి మరేమీ లేదన్నది బహుశా గురజాడకు తెలుసు. అది విమర్శగా రాశాడా, పరిష్కారంగా రాశాడా అన్నది మాత్రం నాటకం తేల్చదు. నేను మొదటిదిగా చదవడానికి ఇష్టపడతాను.

7. పూనా, ఆ తరువాత

గిరీశం పూర్వవృత్తాంతం బయటపడ్డాక సౌజన్యారావు బుచ్చమ్మను పూనాలోని వితంతుశరణాలయానికి పంపాలని, గిరీశం చదువు పూర్తి చేయాలని నిర్ణయిస్తాడు. ధోండో కేశవ కర్వే 1896లో పూనాలో వితంతువుల కోసం స్థాపించిన ఆశ్రమం తొలి పాఠకులకు గుర్తుకు వచ్చి ఉండాలి. ఇది సహేతుకమైన నిర్ణయమే. బుచ్చమ్మకు చదువు దొరుకుతుంది, వంచకుడి నుంచి రక్షణ దొరుకుతుంది. అయితే ఈ తీర్పు ఆమె ఎదుట లేని గదిలో జరుగుతుంది. శుల్కానికి అమ్మినప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు, రక్షించినప్పుడూ అడగలేదు. తండ్రి అధికారం సంస్కర్త చేతికి మారింది. అది మంచి చేతులలోకే మారింది, కాదనలేము. చెల్లెలి కోసం ఇల్లు విడిచిన మనిషి చెల్లెలికి, తల్లికి అందనంత దూరంలో, తెలియని భాషల మధ్యకు చేరుతుంది.

మీనాక్షికి ఆ దూరపు ఆశ్రయం కూడా లేదు. లుబ్ధావధాన్లు కూతురు, వితంతువు, రామప్పంతులుతో సంబంధం ఉన్నది. తండ్రి ఇంట్లో నుంచి గెంటివేస్తే రామప్పంతులును ఆశ్రయించింది. పెళ్లాడతానన్న మాట అతడు నిలుపుకోలేదు. నాటకంలో ఒక పురుషుణ్ణి నమ్మి, అతని మాట మీద నిలబడాలని చూసిన స్త్రీ ఈమె. బుచ్చమ్మకు అందం, అమాయకత, సంస్కర్తల సానుభూతి ఉన్నాయి. మధురవాణికి తెలివి, మాట, ప్రేక్షకుల చప్పట్లు ఉన్నాయి. మీనాక్షికి దక్కినది ఊరి గుసగుస. ఆమెది ప్రేమ అని ఏ విమర్శకుడూ పేరు పెట్టకపోవడానికి కారణం ఆమె ఎంచుకున్న మనిషి రామప్పంతులు కావడమేనా? బుచ్చమ్మ ఎంచుకున్నవాడు అంతకన్నా ఎంత మేలు?

గత సంవత్సరం ఏడవ అంకం పూర్తయిన రోజున, రాజోలు వైపు నుంచి బస్సులో వచ్చే ఒక విద్యార్థిని పుస్తకం మూయకుండా మీనాక్షి చివరికి ఏమయిందండీ అని అడిగింది. అందరం కలిసి పేజీలు వెనక్కి తిప్పాము. ముగింపు రంగంలో సౌజన్యారావు ఉన్నాడు, మధురవాణి ఉన్నది, గిరీశం ఉన్నాడు. బుచ్చమ్మ పేరు వినబడుతుంది. మీనాక్షి గురించి అక్కడ ఎవరూ అడగలేదు.